మద్యమూ, ఉన్మాదమూ

తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి కనుక, యే సంగతి వచ్చినా ముందు మాట వెంట పడతాను. మద్యం, మదం, మత్తు, ఉన్మాదం - యీ నాలుగింటికీ మూలం 'మద్' అనే ఒకే సంస్కృత ధాతువు. తాగినవాణ్ణీ, మతి చలించినవాణ్ణీ భాష ఒకే తల్లి బిడ్డలను చేసిందన్నమాట. వ్యాకరణానికి అది బాగానే వుంది గాని, సంసారంలో యీ చుట్టరికం మనల్ని తికమక పెడుతోంది. తాగి తాగి పిచ్చెక్కిందని కొందరంటారు. పిచ్చికి తోడు తాగుడొకటా అని కొందరంటారు. వాడెందుకు తాగుతున్నాడని అడిగేవారు మాత్రం అరుదు.

గుంటూరు జిల్లా పత్తిచేల మధ్య ఒక వూళ్లో నాకు తెలిసిన కుటుంబం వుంది. పేర్లతో మనకు పనిలేదు. పెద్దకొడుకు ఇరవై రెండో యేట చదువు మానేశాడు. యెవరో తనను గురించి గుసగుసలాడుతున్నారనేవాడు. గోడవైపు తిరిగి జవాబులు చెప్పేవాడు. ఆ తర్వాత రెండేళ్లకు బ్రాందీ షాపు మరిగాడు. కోతికి కల్లు తాగించినట్టయిందని వూళ్లో నవ్వారు. తండ్రి కొట్టాడు, తల్లి యేడ్చింది, మేనమామ ఒట్టు వేయించాడు. ఒకనాడు కాలవగట్టు మీద కనబడితే, "యెందుకురా అబ్బాయ్?" అని అడిగాను. "తాగితే వాళ్ల మాటలు కాస్త దూరం పోతాయి మాస్టారూ. ఓ నాలుగు గంటలు నిద్ర పడుతుంది" అన్నాడు. ఆ జవాబులో పిచ్చి యేమీ లేదు.

అమెరికాలో ఖంజియన్ అనే మనోవైద్యుడు 1985లో దాదాపు యీ మాటే శాస్త్రంగా చెప్పాడు. మత్తుకు లోబడినవారిలో చాలామంది సుఖం కోసం కాదు, ఓర్వలేని బాధకు తమకు తోచిన వైద్యం చేసుకుంటున్నారని ఆయన వాదం. 1990లో అక్కడే వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, స్కిజోఫ్రీనియా వున్నవారిలో నూటికి 47 మంది జీవితంలో యెప్పుడో ఒకప్పుడు మద్యానికో, మాదకద్రవ్యానికో బానిసలైనవారేనని తేలింది.

అయితే ఖంజియన్ మాట ఒక్కటే చాలదు. అందరూ తాగే కారణాలకే వీళ్లూ తాగుతారు - తోడు కోసం, తోచక, అలవాటుకొద్దీ. పెళ్లి పిలుపు రాని మనిషికి, పని యివ్వని మనిషికి, వూళ్లో ప్రశ్నలు వెయ్యకుండా రానిచ్చే చోటు బ్రాందీ షాపు ఒక్కటే. అక్కడ జబ్బు గురించి అడగరు, డబ్బులుంటే చాలు. యిక మందుల సంగతి. జబ్బు తగ్గించే మాత్రలే కొందరికి మొద్దుతనం, కాళ్లు నిలవని ఆరాటం తెచ్చిపెడతాయి. ఆ మొద్దుతనం వదలడానికి సిగరెట్టు మీద సిగరెట్టు ముట్టిస్తారు. పొగాకు పండే ప్రకాశం జిల్లావారు యిది గుర్తుంచుకోవాలి: పొగలోని పదార్థాలు క్లోజపిన్, ఒలాంజపిన్ వంటి మందులను కాలేయం త్వరగా ఖర్చుచేసేలా చేస్తాయి. అంచేత మందు చాలకపోవచ్చు. హఠాత్తుగా పొగ మానేస్తే అదే మందు మోతాదు మించవచ్చు. రెండు సంగతులూ డాక్టరుకు చెప్పవలసినవే.

అరువు తెచ్చుకున్న నిద్రకు వడ్డీ వుంటుంది. మద్యం ఆ రాత్రికి మెదడును జోకొడుతుంది. తెల్లవారేసరికి బెంగ రెట్టింపవుతుంది, గొంతులు మళ్లీ దగ్గరికొస్తాయి, మాత్ర మరచిపోతారు. గంజాయి మరీ చెడ్డది. స్వీడన్‌లో సుమారు 45,000 మంది యువసైనికులను పదిహేనేళ్లు గమనించి 1987లో చెప్పినదేమంటే, గంజాయి యాభైసార్లకు పైబడి తాగినవారిలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు యెక్కువ కనిపించిందని.

దుకాణం మూయిస్తే సరిపోదా అంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారామీద తిరగబడ్డారు. 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ తల్లుల పోరాటానికి నమస్కరిస్తాను. కాని దుకాణం మూసినా, గొంతులు వినబడే రాత్రి మూతపడదు.

మా కుర్రవాడి విషయంలో జరిగింది చూడండి. ఒక డాక్టరు ముందు తాగుడు మాన్పించి తీసుకురమ్మన్నాడు. తాగుడు మాన్పించేచోట ముందు పిచ్చి నయం చేయించుకు రమ్మన్నారు. ఆ మధ్యన ఒక యేడాది గడిచిపోయింది. రెండు జబ్బులకూ ఒకేచోట, ఒకేసారి వైద్యం జరగాలనేది యిప్పుడు వైద్యులు ఒప్పుకున్న మార్గం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగమనే మాటలోనే మద్యం, మాదకద్రవ్యాలవల్ల వచ్చే మనోవికారాలను కూడా చేర్చింది. మన ధాతువు చేసిన చుట్టరికాన్ని చట్టమూ ఒప్పుకున్నట్టే!

యింట్లోవాళ్లకు మూడు మనవులు. యేళ్ల తరబడి రోజూ తాగేవాణ్ణి గదిలో పెట్టి తాళంవేసి ఒక్కసారి మాన్పించబోకండి. మూర్ఛలు రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు, అది వైద్యుడి కనుసన్నల్లో జరగాలి. పత్తికీ మిరపకీ కొట్టే పురుగుమందు వసారాలో వుంచకండి. దిగులూ, మత్తూ, డబ్బా ఒకచోట చేరితే తెల్లవారేదాకా ఆగవు. యెవరిని అడగాలో తోచకపోతే, 2022లో ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ వుంది. 14416కి యే వేళ ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు.

నాలుగోది మనవి కాదు, ఒక ప్రశ్న. "యెందుకు తాగావు?" అని గద్దించి అడిగితే అబద్ధం చెబుతాడు. "తాగితే నీకేం తగ్గుతోంది నాయనా?" అని అడిగి చూడండి. వాడు చెప్పే జవాబును డాక్టరు దగ్గరికి మోసుకెళ్లండి. చికిత్స మొదలయ్యేది అక్కడే.