చిల్లర బాకీ

మొన్నాదివారం ఉప్పల్‌లో మా ఫ్రెండు ఇంటికెళ్తే తన నాణేల ఆల్బమ్ ముందేశాడు. అందులో అమెరికా అంతర్యుద్ధం నాటి రాగి బిళ్ళ ఒకటుంది. 1862లో అక్కడి జనం భయపడి నాణేలు దాచేసుకుంటే చిల్లరకి కటకటొచ్చింది. దాంతో వ్యాపారులే సెంటు సైజులో సొంత బిళ్ళలు కొట్టించి చిల్లర కింద ఇచ్చారు. "గవర్నమెంటు చేతులెత్తేస్తే కొట్లవాళ్ళు ఎలా నెట్టుకొచ్చారో చూడు!" అని మావాడి మురిపెం.

నాకు మాత్రం 2016 నవంబర్ గుర్తొచ్చింది. పెద్దనోట్లు రద్దయ్యాక 2000 నోటు చేతిలో ఉన్నా చిల్లర లేక మనం పడ్డ పాట్లు మర్చిపోలేదుగా? నాచారంలో మేము సరుకులు తెచ్చుకునే కొట్టాయన అట్టముక్క మీద "120" అని రాసి సంతకం పెట్టి ఇచ్చేవాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు దానికి సరుకులిచ్చి ముక్క చింపేసేవాడు. ఒకటి మాత్రం నా పర్సులో ఉండిపోయింది. తర్వాత ఆ కొట్టే లేదు.

ఇక్కడే నాకు లైటు వెలిగింది. ఆయన మాట నిలబెట్టుకున్న చీటీలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. దాచుకోడానికి మిగిలింది తీరని బాకీ ఒక్కటే!

అందరూ మా కొట్టాయనంత మంచోళ్ళు కాదు కూడా. న్యూయార్కులో లిండెన్‌ముల్లర్ అనే బార్ ఓనరు పది లక్షలకి పైగా బిళ్ళలు వదిలాడట. థర్డ్ ఎవెన్యూ రైల్‌రోడ్ వాళ్ళు వాటిని చార్జీల కింద తీసుకుని, పోగయ్యాక మార్చమని వెళ్తే నవ్వి పొమ్మన్నాడని చెప్తారు. 1864లో ప్రైవేటు నాణేలని చట్టం నిషేధించింది.

రెండో ప్రపంచయుద్ధంలో మనకీ చిల్లర కరువే. 1943లో బ్రిటిష్ సర్కారు పైసా మధ్యలో పెద్ద బొక్క పెట్టి లోహం మిగుల్చుకుంది. చూడ్డానికి ఎలా ఉన్నా, బొక్క పైసాకి పూచీ సర్కారుది. అట్టముక్కకి పూచీ ఎవరు?

ఇదంతా పాత కథ అనుకోకండి. "మీ రిఫండు మా వాలెట్లో వేశాం, మా దగ్గరే వాడుకోండి" అని మెసేజొస్తే అదీ అట్టముక్కే. అలాంటివాటికి కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, స్క్రీన్ మీద అంకె మీదే, డబ్బు మాత్రం వాళ్ళ దగ్గరుంటుంది.

సేకరించడం తప్పని అనను. నా చీటీ కూడా మావాడి ఆల్బమ్‌కే ఇచ్చేశాను. కింద "అరుదైనది" అని రాయబోతుంటే ఆపి, "బాకీ 120" అని రాయించా.

మీ పర్సుల్లో ఇలాంటివెన్ని ఉన్నాయి?