చూసి కొనండి, కొని చూడకండి



ఈసారి వడ్డీ లెక్కలు కాదు, పాత కంప్యూటరు సంగతి. 2014లో మేము కొన్న డెస్క్‌టాప్‌లో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే, దానికి కావలసిన టీపీఎం 2.0 మా యంత్రంలో లేదు.

"పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దాం" అంది మా ఆవిడ. నాకు మనసొప్పలేదు. బరంపురంలో పుట్టిన మా అమ్మాయి బడిలో చదివింది ఒడియా, ఇంగ్లీషు. తెలుగు కూడబలుక్కుంటూ మా నాన్నగారి ఉత్తరాలు టైపు చేస్తున్నది దాని మీదే.

"లైనక్స్ వేసుకో మావయ్యా, డబ్బు కట్టక్కర్లేదు" అన్నాడు మేనల్లుడు. యూనిక్స్ తరహాలో నడిచే ఈ వ్యవస్థకు మూలమైన కెర్నెల్‌ను 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు.

నేను తొందరపడి ఆ సాయంత్రమే ఆరు వందలు పోసి వైఫై డాంగిల్ కొన్నాను. అందులోని చిప్‌కు కెర్నెల్‌లో డ్రైవరు లేదు. అట్టపెట్టె మీద విండోస్ అని మాత్రమే ఉంది, చదవనిది నేనే! ష్యూరిటీ చూడనిదే అప్పు ఇవ్వనివాణ్ణి, సొంత డబ్బు దగ్గర ఆ నియమం మరిచాను.

తరువాత మేనల్లుడు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ ఎక్కించి, దానితోనే కంప్యూటరు నడిపించాడు. హార్డ్‌డిస్కును ముట్టుకోకుండానే తెర, శబ్దం, నెట్, ప్రింటరు పరీక్షించుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్ యంత్రం కొనేవారు ఆ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్ళండి. డబ్బు చేతులు మారకముందే నడిపించి చూడండి.

మరికొన్ని జాగ్రత్తలు. ప్రాసెసరు 64 బిట్‌దై ఉండాలి. 2025లో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ యంత్రాలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు. ర్యామ్ 4 జీబీ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలిక డెస్క్‌టాప్ నడుస్తుంది; 8 ఉంటే నిశ్చింత. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు కెర్నెల్‌లోనే ఉంటాయి. ఎన్‌విడియాకు వేరే డ్రైవరు వేయవలసి రావచ్చు. పాత యంత్రానికి పెట్టే ఖర్చులో బాగా గిట్టుబాటయ్యేది హార్డ్‌డిస్కు బదులు ఎస్ఎస్‌డీ వేయించడం.

మేము ముందుగా ఉత్తరాలన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లో దాచి, ఆపైన లైనక్స్ వేశాం. వైఫై ఊసెత్తకుండా రౌటరు నుంచి తీగ లాగాం. నిన్న రాత్రి, నేను హాస్టల్లో ఉండగా నాన్నగారు రాసిన ఉత్తరాన్ని అమ్మాయి చదివి వినిపించింది. "చిరంజీవి" దగ్గర కాస్త తడబడింది గాని, చివరిదాకా చదివింది.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.