పునాది అందరిదీ... మేడ కంపెనీది!

మ్యాక్ కంప్యూటర్ కొనాలంటే జేబు బరువుగా ఉండాలి. కానీ దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ పునాదుల్లో చాలా భాగం ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగే కోడే!

అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1970ల్లో విద్యార్థులు, పరిశోధకులు కలిసి యూనిక్స్‌కి మెరుగులు దిద్దారు. అదే 'బీఎస్‌డీ'. 1985లో యాపిల్‌ నుంచి బయటికెళ్లిన స్టీవ్ జాబ్స్ 'నెక్స్ట్' అనే కంపెనీ పెట్టాడు. బీఎస్‌డీకి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన 'మాక్' కెర్నెల్‌ని కలిపి, పైన తమ సొంత హంగులు అద్దింది ఆ సంస్థ. 1996 చివర్లో నెక్స్ట్‌ను కొంటున్నట్లు యాపిల్ ప్రకటించింది. జాబ్స్‌తోపాటు ఆ కోడూ వచ్చింది. 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌గా మార్కెట్లోకి దిగింది.

మరి ఇది దొంగతనం కాదా? కానే కాదు. బీఎస్‌డీ లైసెన్స్ అడిగేది కొంచెమే. రాసినవాళ్ల పేరు, లైసెన్స్ షరతులు అలాగే ఉంచాలి. ఆ తరవాత వాడుకోండి, అమ్ముకోండి, చేసిన మార్పులు దాచుకోండి... మీ ఇష్టం! అయినా ఆ పునాది భాగాన్ని యాపిల్ 'డార్విన్' పేరుతో 2000లో అందరికీ ఇచ్చింది. కిటికీలూ మెనూలూ ఉన్న పై అంతస్తు మాత్రం తాళంలోనే!

అన్ని లైసెన్సులూ ఇంత ఉదారంగా ఉండవు. 2003లో బయటికొచ్చిన సఫారీ బ్రౌజర్ కోసం 'కేడీఈ' ఔత్సాహికులు రాసిన కేహెచ్‌టీఎంఎల్‌ను యాపిల్ తీసుకుంది. దాని షరతు వేరు... మార్చి పంచితే, ఆ మార్పులూ బయటపెట్టాల్సిందే. యాపిల్ పెట్టింది. కానీ నెలల పనినంతా ఒకేసారి కుప్పగా పోసేసరికి, తీరిక వేళల్లో పనిచేసేవాళ్లకు దాన్ని విడదీసుకోవడం తలకు మించిన భారమైంది. షరతు తీరింది, సాయం అందలేదు. ఔత్సాహికులు బాహాటంగానే విమర్శించారు. చివరికి 2005లో 'వెబ్‌కిట్' పేరుతో రోజువారీ పనినే తెరిచిపెట్టింది యాపిల్. 2008లో గూగుల్ క్రోమ్ మొదలైంది దానిమీదే!

లైసెన్స్ కోడ్‌ని ఇప్పించగలదు, ఇచ్చే తీరుని నేర్పలేదు. ఈసారి ఐఫోన్ సెట్టింగ్స్‌లో 'లీగల్' అన్న చోట నొక్కి చూడండి. చిన్న అక్షరాల్లో పేజీలకు పేజీలు... పునాది తవ్వినవాళ్ల పేర్లు అక్కడున్నాయి!