పటము చేతబట్టి కొండలోనికి

కొండలకు విహారయాత్రగా వెళ్లిన విద్యార్థులు నడచు విధము అందరికిని తెలిసినదే. ముందు ఒక ఉపాధ్యాయుడు, వెనుక ఒక ఉపాధ్యాయుడు, నడుమ చీమలబారువలె పిల్లలు. ముందువాడు తిరిగినచో అందరును తిరుగుదురు. అతడు ఆగినచో అందరును ఆగుదురు. సాయంకాలమునకు గుడారములు చేరిన పిమ్మట తామెంత దూరము నడచిరో చెప్పగలరు గాని, ఏ దిక్కునకు నడచిరో, తాము దాటిన వాగు ఎటునుండి ఎటు పారుచున్నదో అడిగినచో ఒకరి మొగ మొకరు చూచుకొందురు. కాళ్లు కొండనెక్కినవి, బుద్ధి మాత్రము ముందున్నవాని వీపును దాటి పోలేదు.

ఈ లోపమును తీర్చు క్రీడ యొకటి కలదు. దానిని ఓరియంటీరింగు అందురు. పటమును, దిక్సూచిని మాత్రమే సాధనములుగా గొని, తెలియని అడవిలోనో కొండలోనో ముందుగా నిర్ణయించిన గుర్తులను వరుసగా కనుగొని వచ్చుటయే ఆ పందెము. ప్రతి గుర్తుకడను నారింజ, తెలుపు రంగులు గల చిన్న గుడ్డజెండా వ్రేలాడుచుండును. పందెగాండ్రు సాధారణముగా కొన్ని నిమిషముల యెడముతో ఒక్కొక్కరుగా బయలుదేరుదురు. గుర్తునుండి గుర్తునకు ఏ దారిని పోవలెనో ఎవరును చెప్పరు. ఎన్నుకొనువాడు అతడే, ఆ యెన్నిక ఫలమును అనుభవించువాడును అతడే.

ఈ క్రీడ స్కాండినేవియా దేశములలో సైనిక శిక్షణనుండి పుట్టినది. నేడు ఓస్లో అనబడు నగరమునకు సమీపమున 1897వ సంవత్సరము అక్టోబరు 31వ తేదిన ప్రజలకొరకు ఒక పందెము జరిగెను. నాడు పాల్గొన్నవారు 8 మందియే. దీనిని యువజనుల క్రీడగా తీర్చిన కీర్తి స్వీడను దేశపు మేజరు ఎర్నెస్టు కిల్లాండరునకు చెల్లును. ఆయన స్కౌటు నాయకుడు. యువకులకు మైదానములోని పరుగుపందెములయెడ ఆసక్తి సన్నగిల్లుచున్నదని ఆయన గమనించెను. అందుకు వారిని నిందింపలేదు. వారిని అడవిలోనికి పంపెను. 1919లో స్టాక్‌హోం సమీపమున ఆయన నడపిన పందెమునుండియే ఈ క్రీడ నేటి రూపమును పొందసాగెను. 1961లో దీనికొక అంతర్జాతీయ సమాఖ్య యేర్పడెను. 1966లో ఫిన్లాండులో తొలి ప్రపంచ పోటీలు జరిగెను.

కొండలలోని శిబిరమున ఈ విద్యను నేర్పుట కష్టము కాదు. మొదట నేర్వవలసినది పటమును త్రిప్పి పట్టుట. పటముపై ఉత్తరము నేలపై ఉత్తరమునకు సరిపడునట్లు త్రిప్పినగాని, కుడి కుడిగాను ఎడమ ఎడమగాను కనబడవు. అక్షరములు తలక్రిందులైనను చింతలేదు. చదువవలసినది అక్షరములను గాదు, నేలను. పిమ్మట నూరు మీటర్లకు తనకెన్ని అడుగులు పట్టునో ప్రతి విద్యార్థియు లెక్కించుకొనవలెను. మెట్ట యెక్కునపుడు ఆ లెక్క పెరుగును. కావున దానిని వేరుగా కొలుచుకొనవలెను. తానున్న చోటును బొటనవ్రేలితో పటముపై అదిమిపట్టి, నడచినకొలదియు వ్రేలిని జరుపుచుండుట మరియొక అభ్యాసము. చూచుటకిది చిన్న పనియే గాని, వ్రేలిని మరచినవాడే తరచుగా దారి తప్పును.

అన్నిటికంటె రసవత్తరమైనది ఎత్తును చదువుట. పటముపై గోధుమవన్నె సమోన్నత రేఖలు దగ్గరదగ్గరగా నున్నచో నిట్టనిలువు కొండ; ఎడమెడముగా నున్నచో వాలు తక్కువ. ఇంతవరకు భూగోళ పాఠములోనే కలదు. కాని గుర్తు కొండకు ఆవలి ప్రక్క నున్నచో, ఎక్కి దిగుటయా, చుట్టి పోవుటయా? 1892లో విలియం నైస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకు డొక లెక్క చెప్పెను. సమతలమున మూడు మైళ్లకు ఒక గంట. ఎక్కిన ప్రతి 2000 అడుగులకు మరియొక గంట. దీనిని బట్టి చూచినచో నూరు మీటర్ల యెత్తు ఎక్కుటకు పట్టు కాలములో సమతలమున ఎనిమిది వందల మీటర్లు నడవవచ్చును. కొండమీదుగా 600 మీటర్ల దారియై, నూరు మీటర్లు ఎక్కవలసి యున్నచో, అది 1400 మీటర్లతో సమానము. చుట్టుదారి 1200 మీటర్లైనచో చుట్టుదారియే దగ్గర! కొండనడుము పట్టి చుట్టివచ్చిన బాలిక, శిఖరమెక్కి ఆయాసపడుచు దిగివచ్చిన మేటి పరుగుగానికి ముందుగా గుర్తును చేరుట అబ్బురము కాదు.

బిడ్డలను ఒంటరిగా కొండలోనికి పంపుటయా యని తలిదండ్రులు భయపడుదురు. ఆ భయము తప్పని త్రోసివేయరాదు. పొంగు వాగులు, లోతైన గోతులు ఉన్న చోట పందెము పెట్టువాడు బుద్ధిమంతుడు కాడు. ఒక ప్రక్క బాట, మరియొక ప్రక్క వాగు ఎల్లలుగా నున్న ప్రదేశమును ఎన్నుకొని, దారి తప్పినచో పడమటగా దిగుడు, బాట తగులును అని ముందే చెప్పవలెను. ప్రతివారికడను ఈల యుండవలెను. నిమిషమున కారుసార్లు ఊదుట పర్వతములలో ఆపదకు గుర్తు. పందెము పూర్తి చేసినను చేయకున్నను, ముగింపు స్థానమునకు వచ్చి కనబడి తీరవలెనను నియమమును అందరును పాటింపవలెను. తొలినాడు చిన్నవారిని ఇద్దరిద్దరుగా పంపవచ్చును. ఇన్ని కట్టుబాట్లలో పది నిమిషములు దారి తప్పుటవలన కీడు లేదు. ఆ పది నిమిషములలో బాలుడు నిలిచి, ఊపిరి పీల్చి, తాను చివరగా నిశ్చయముగా గుర్తించిన చోటేదో జ్ఞప్తికి తెచ్చుకొని, వెనుకకు మరలును. ఆ పని యెవ్వరును అతనికి బదులుగా చేయజాలరు.

చేతిలో ఫోను ఉండగా ఈ శ్రమ యేల యని కొందరందురు. ఉపగ్రహముల సాయమున ఫోను మన చోటును చూపుట నిజమే. ఆపదలో అది మేలైన సాధనమే. కాని చుక్కను చూచి నడచుట, ముందువాని వీపును చూచి నడచుటకంటె భిన్నము కాదు. ఆ కొండలలోనే పుట్టి పెరిగిన పశువుల కాపరికి పటమును అక్కరలేదు, ఫోనును అక్కరలేదు. ఏ బండ వెనుక ఏ ఊట కలదో అతని పాదము లెరుగును. పరాయిచోటినుండి వచ్చినవానికే పటము.

ఇక సాధనముల మాట. 1767లో స్థాపింపబడిన భారత సర్వేక్షణ శాఖవారి పటములు సాధారణముగా 1:50,000 ప్రమాణములో నుండును; అందు ఒక సెంటీమీటరునకు అర కిలోమీటరు. కొండ నడకకు అవి చాలును గాని పందెమునకు చాలవు. దానికి 1:10,000 వంటి పెద్ద ప్రమాణము కావలెను. అది లేనిచోట ఉపాధ్యాయుడును విద్యార్థులును కలిసి శిబిరము చుట్టునున్న కొద్ది నేలను తామే కొలిచి గీసికొనవచ్చును. ఎన్.సి.సి.లో పటపఠనము బోధింపబడుచునే యున్నది. నల్లబల్లపై నేర్చినదానిని ఒక్క ఉదయము కొండపై పరీక్షించుటకు దిక్సూచియు, కాగితమును, కొన్ని గుడ్డజెండాలును తప్ప వేరు వ్యయ మేమున్నది?

బహుమతులకు ఎక్కువ ప్రాముఖ్య మీయకుండుట మంచిది. ఒక్క గుర్తు తప్పినను, ఎంత వేగముగా వచ్చినవాడైనను లెక్కలోనికి రాడు. ఈ నియమమే వేగమునకు తగిన కళ్లెము. పందెముకంటె విలువైనది ఆనాటి సాయంకాలము. లాంతరు చుట్టు చేరి, ప్రతివారును తాము పోయిన దారిని పటముపై పెన్సిలుతో గీయుదురు. ఒకని గీత సూటిగా నుండును. మరియొకనిది వంకరలు తిరిగి తిరిగి పోవును. ఆ వంకరగీత గీసినవాడే ఎక్కువసేపు మాటలాడును. మొదటి వాగని తాననుకొన్నది నిజమునకు రెండవ వాగనియు, కనుమ కనబడకపోవుటకు కారణ మదియేననియు వ్రేలితో చూపుచుండగా, తక్కినవారు తలలు దగ్గరగా చేర్చి చూచుచుందురు.