బాణీ కట్టినవారి పేరూ చెప్పండి

మా కోదాడలో పెళ్లి రిసెప్షన్‌కు ఆర్కెస్ట్రా పెట్టించడం మామూలైపోయింది. పాటకు ముందు యాంకర్ హీరో పేరు చెబితే ఈలలు, గాయకుడి పేరు చెబితే చప్పట్లు. ఆ పాటకు బాణీ కట్టినవారి పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. ఇది పెద్ద లోటు. సరిదిద్దుకోవడానికి పైసా ఖర్చు లేదు.

బస్టాండు దగ్గర క్యాసెట్ల షాపు నడిపినవాణ్ని నేను. 1980ల్లో, 90ల్లో మునగాల, హుజూర్‌నగర్ వైపు నుంచే కాదు, జగ్గయ్యపేట నుంచి కూడా జనం చీటీ మీద పాటలు రాసుకొచ్చి రికార్డింగ్‌కు ఇచ్చేవారు. క్యాసెట్ అట్ట మీద పాట, సినిమా పేర్ల పక్కన సంగీత దర్శకుడి పేరు కూడా రాసేవాణ్ని. ఆ పద్ధతి నాకు రేడియో నేర్పింది. పాట వేసే ముందు చిత్రం, రచన, సంగీతం, గానం అంటూ వరసగా చెప్పేవారు కదా. ఆ అట్ట చదివి, "అన్నా, ఈయనవే ఇంకో క్యాసెట్ నింపు" అని మళ్లీ వచ్చినవాళ్లున్నారు. వినేవాళ్లకు చెవి అట్లా తయారవుతుంది.

పేరు తెలిస్తే ఏమొస్తుందంటారా? 'మాయాబజార్' (1957) టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల అని ఉంటుంది. కానీ 'లాహిరి లాహిరి' సహా నాలుగు పాటలకు వరసలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన తప్పుకున్నాక ఆ పాటలకు వాద్యాలు కూర్చి, మిగతా సంగీతమంతా చేసింది ఘంటసాల. ఈ సంగతి తెలిసి వింటే, ఆ మోహన రాగంలో ఇద్దరు మహానుభావుల పనితనం వినిపిస్తుంది. తెలియకపోతే రాజేశ్వరరావు కష్టం మన లెక్కలోకే రాదు.

కె.వి. మహదేవన్ నాగర్‌కోయిల్ వైపు మనిషి, తెలుగు ఆయన సొంత భాష కాదు. అయినా కవి రాసిన సాహిత్యం ముందు పెట్టుకుని దానికే బాణీ కట్టడం ఆయన పద్ధతి. అందుకే ఆత్రేయ మాట ఆయన వరసలో ఎక్కడా విరగదు. 1980లో విడుదలైన 'శంకరాభరణం' ఆయనకు జాతీయ అవార్డు తెచ్చింది. ఆ పేరు పక్కనే ఆయన సహాయకుడు పుహళేంది పేరూ చెప్పుకోవాలి.

మన హైవే మీదుగా విజయవాడ వెళ్తుంటే తగిలే కొండపల్లి, రమేశ్ నాయుడి సొంత ఊరు. 'మేఘసందేశం' (1982)కు ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది. 'సాగరసంగమం' (1983), 'రుద్రవీణ' (1988) ఇళయరాజాకు అదే అవార్డు తెచ్చాయి. ఒకరి తర్వాత ఒకరిని వినండి. రమేశ్ నాయుడు వాద్యాలను తగ్గించి గొంతుకు చోటిస్తారు. ఇళయరాజా దగ్గర గొంతు వెనక వయొలిన్లు మరో పాట పాడుతుంటాయి. రెండూ శాస్త్రీయ సంగీతం మీద నిలిచిన పాటలే, దారులు మాత్రం వేరు.

గాయకుడి గొంతు వల్లే పాట నిలుస్తుందనే వాళ్లున్నారు. గొంతు గొప్పతనాన్ని నేను కాదనను. కానీ అంతటి బాలసుబ్రహ్మణ్యం 'పాడుతా తీయగా'లో తన గురించి చెప్పుకోవడం కంటే పాట రాసినవారి గురించి, స్వరపరిచినవారి గురించి ఎంత ప్రేమగా చెప్పేవారో గుర్తు చేసుకోండి. 2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ అందుకున్నది కూడా స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్. ఉత్తమ గీతం బహుమతి అక్కడ పాట పుట్టించినవాళ్లకే ఇస్తారు.

ఇలా పేర్లు చెప్పుకోవడం మన ప్రాంతానికి ఇంకా ముఖ్యం. సూర్యాపేట తాలూకా పోరాటాల నేల. 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిన బండి యాదగిరి పాట ఇక్కడ ఊరూరా తెలుసు. ఆ సినిమా సంగీతంలో వింజమూరి సీత పాత్ర ఉందని ఎంతమందికి తెలుసు? మన పక్కనున్న మహబూబాబాద్ ప్రాంతంలోని కంబాలపల్లి కుర్రాడు చక్రి 'ఇట్లు శ్రావణి సుబ్రహ్మణ్యం', 'ఇడియట్' పాటలతో రాష్ట్రమంతా ఊపేశాడు. 2014లో చిన్న వయసులోనే పోయాడు. ఆయన పాటలకు ఇప్పటికీ మన స్కూళ్లలో పిల్లలు డాన్సులు చేస్తారు. ఆయన పేరు ఆ పిల్లలకు ఎవరూ చెప్పరు.

అందుకే కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ టీచర్లను ముందుగా అడుగుతున్నాను. ఈసారి వార్షికోత్సవంలో ప్రతి పాటకూ రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు పిల్లల చేతే మైకులో చెప్పించండి. తెర మీద కనిపించేవాళ్లు, గొంతు వినిపించేవాళ్లు పిల్లలకు ఎట్లాగూ తెలుసు. వరస కట్టడం కూడా ఒక పని అని, దానికి ఒక మనిషి ఉంటాడని, ఆ మనిషి కంబాలపల్లి లాంటి ఊరి నుంచి కూడా వస్తాడని తెలిస్తేనే, క్లాసు బెంచీ మీద దరువేసే పిల్లవాడు రేపు హార్మోనియం ముందు కూర్చుంటానని ఇంట్లో ధైర్యంగా అడుగుతాడు.