దూద్‌బౌలి షరతు, అఫ్జల్‌గంజ్ పొరపాటు

మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వారి చేప ప్రసాదానికి జనం బారులు తీరతారు. వేలెడంత కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని ముద్ద కుక్కి, బతికున్న చేపను ఉబ్బసం రోగి గొంతులోకి జారవిడుస్తారు. పైసా తీసుకోరు. 1845లో ఒక సాధువు పాతబస్తీ దూద్‌బౌలిలోని తమ పూర్వీకుడికి ఈ మందు చెప్పాడనీ, ఉచితంగానే ఇవ్వాలనీ, మర్మం బయటపెట్టకూడదనీ షరతు పెట్టాడనీ ఆ కుటుంబం చెబుతుంది. ఉచితాన్ని ఎవరూ తప్పుపట్టరు. చిక్కంతా రెండో షరతుతోనే. ఎందరికి తగ్గింది, ఎందరికి తగ్గలేదు అని లెక్కచూసే వీలు లేకుండానే ఆ మందు తరాలు దాటి వచ్చింది. హేతువాదులు నిలదీశాక ‘చేప మందు’ కాస్తా ‘చేప ప్రసాదం’ అయింది. ప్రసాదాన్ని పరీక్షించమని ఎవరడుగుతారు?

అదే శతాబ్దంలో, మూసీ ఒడ్డున, మరో రకం దానం జరిగింది. క్లోరోఫాం మత్తులో పోయేవాళ్లు గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అన్న తగవు తేల్చడానికి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని చూసే డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో రెండు కమిషన్లు నడిపాడు. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చి, ‘లాన్సెట్’ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్‌ను లండన్ నుంచి రప్పించాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదని తేల్చారు. తప్పు తేల్చారు. కొద్దిపాటి మత్తులోనే గుండె లయ తప్పి ప్రాణం పోగలదని 1911లో ఎ.జి. లెవీ పిల్లుల మీద చేసి చూపించాడు. మరి నిజాం సొమ్ము మూసీలో పోసినట్టేనా? కాదు. ఎలా చేశారో, ఏం చూశారో అచ్చులో ఉంది కాబట్టే తర్వాతి వాళ్లు దానితో వాదించగలిగారు.

క్యాన్సర్ పరిశోధనకు ఆస్తిలో కొంత రాసిపోవడమంటే ఈ రెండో రకం దానం. ఆకలిగొన్న రోగికి అన్నం పెడితే పుణ్యం, ప్రయోగశాలకు ఇస్తే ఏమొస్తుంది అంటారు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర అన్నం పెట్టే చెయ్యీ కావాల్సిందే. కానీ లోపల ఎక్కించే మందు కూడా ఎవరో ఖర్చు పెడితే పుట్టిందే. ఫోలిక్ ఆమ్ల సమ్మేళనాలు ఇచ్చిన పిల్లల్లో ల్యుకేమియా తగ్గకపోగా వేగం పుంజుకుందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గమనించాడు. ఆ చేదు ఫలితమే దారి చూపింది. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందు ఇస్తేనో? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించాడు. మిగతా ఆరుగురి సంగతీ దాచలేదు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది.

వీలునామా మాటెత్తితే చావును పిలిచినట్టేనని కొందరి జంకు. జీవిత బీమా ప్రీమియం మాత్రం ఏటా ఠంచనుగా కడతారు! పిల్లల నోటి దగ్గర కూడు తీసినట్టు కాదా అన్న అభ్యంతరానికి మాత్రం బరువుంది. పాతబస్తీలో చాలా ఇళ్లకు షరియత్ దీనికెప్పుడో కొలత పెట్టింది: ఖననం ఖర్చు, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు మించి వసీయత్ చేస్తే వారసులు ఒప్పుకోవాలి. తక్కిన రెండు వంతులు వారసులవే. హిందువులకు స్వార్జితం మీద అలాంటి హద్దు లేదు. ఆ మూడో వంతు లెక్కనే అరువు తెచ్చుకుంటే పిల్లలకు అన్యాయమూ జరగదు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సంతకం, ఇద్దరు సాక్షులు చాలు. అయితే సంస్థ పేరు పక్కన ‘పరిశోధనకే’ అన్న మాట ఉండాలి, లేకపోతే ఆ డబ్బు గోడల సున్నానికో, గుమ్మం మీది పాలరాతి పలకకో పోవచ్చు. దూద్‌బౌలి షరతుకు తలకిందుల షరతు కూడా ఒకటి రాయొచ్చు: మందు పనిచేసినా చేయకపోయినా ఫలితాలు అచ్చువేయాలి.