మంచు కొండ కింద విడిది

నవంబరు వచ్చిందంటే బే ఏరియా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కదలిక మొదలవుతుంది. ఫ్రీమాంట్ నుంచో డబ్లిన్ నుంచో ఎవరో ఒకరు టాహో సరస్సు దగ్గర క్యాబిన్ లింకు పెడతారు. "14 మంది పడతారట, తలకు చాలా తక్కువ పడుతుంది" అని కింద ఒక మాట. వరసగా నాలుగు బొటనవేళ్ళు లేస్తాయి. సాయంత్రానికల్లా బుకింగ్ అయిపోతుంది. ఆ 14 మందిలో సగం మంది ఆరేళ్ళలోపు పిల్లలనీ, ఇద్దరు మొన్ననే గుంటూరు నుంచి దిగిన అమ్మానాన్నలనీ, ఒకావిడ చంకలో ఇంకా పాకని పాప ఉందనీ అప్పటికి ఎవరి లెక్కలోకీ రాదు.

నా మాట ముందే చెప్పేస్తాను. చిన్నపిల్లలున్న గుంపు స్కీయింగ్‌కి బయల్దేరితే, ఇంట్లో ఉండిపోయేవాళ్ళను చూసి ఇల్లు తీసుకోవాలి. స్కీలు కట్టుకున్న పెద్దమనిషి పొద్దున పోయి పొద్దుగూకాక వస్తాడు. ఒళ్ళు హూనమై ఉంటాడు కనక సోఫా మీద పడేసినా నిద్రపోతాడు. నాలుగేళ్ళ పిల్ల అలా కాదు. గంటన్నర జారి, చేతి తొడుగులు తడిపేసుకుని, ముక్కు ఎర్రబడి, పదకొండున్నరకల్లా "ఇంటికెళ్దాం" అంటుంది. ఆ పిల్ల వెనకాల తల్లి. వీళ్ళకోసం వేడివేడిగా అన్నం వార్చి పెట్టే అమ్మమ్మ. పగలంతా ఆ ఇల్లు వీళ్ళది. నేను స్కీల మీద పట్టుమని పది గజాలు జారలేని బాపతు కాబట్టి ఈ పక్షపాతం నాకు సహజమే అనుకోండి.

పెళ్ళివారికి విడిదిల్లు చూడ్డానికి వెళ్ళిన మన పెద్దవాళ్ళు గోడల రంగు చూసేవారు కాదు. స్నానాల గదులెన్ని, వేడినీళ్ళు ఎంతసేపు వస్తాయి, వంటకు చోటేది, మోకాళ్ళ నొప్పులున్న మామ్మగారికి కింద గది ఉందా అని అడిగేవారు. టాహోలో ఇల్లు చూసేటప్పుడు కూడా ఈ ప్రశ్నలే అడగాలి. మనం మాత్రం ఫొటోలో సరస్సు కనపడుతోందా, హాట్ టబ్ ఉందా అని చూస్తాం.

"14 మంది పడతారు" అనే మాటను విప్పి చూస్తే లోపల ఇలా ఉంటుంది. పడగ్గదులు మూడు. హాల్లో మడత సోఫా ఒకటి. పైకప్పు కింద నిచ్చెన వేసుకుని ఎక్కే అటక లాంటిది, దానికి లాఫ్ట్ అని పేరు, దాంట్లో నాలుగు పరుపులు. స్నానాల గదులు రెండు. ఇప్పుడు తెల్లవారి ఏడున్నర సంగతి ఊహించండి. తొమ్మిదింటికల్లా స్కీ స్కూలు దగ్గర ఉండాలి. ఒక్కో పిల్లాడికీ లోపలి బట్టలు, పొడవు మేజోళ్ళు, మంచు ప్యాంటు, కోటు, హెల్మెట్, గాగుల్స్ తొడిగి, జిప్పులన్నీ లాగాక వాడు "బాత్రూం" అంటాడు. మళ్ళీ అన్నీ విప్పాలి. అప్పటికి రెండు బాత్రూముల ముందూ వరసే. మంచాల సంఖ్యను పక్కనపెట్టి కుటుంబానికొక స్నానాల గది ఉందా అని చూడమనేది ఇందుకే. నాలుగు కుటుంబాలకు రెండే ఉన్నాయంటే ఆ ఇల్లు ఎంత చవకైనా వదిలేయడం మంచిది. సెలవురోజుల్లో పెద్ద రిసార్టుల్లో పెద్దవాళ్ళ ఒకరోజు లిఫ్ట్ టికెట్ 200 డాలర్లు దాటుతుంది. ఇంటి మీద తలకు 20 డాలర్లు మిగిల్చి, బాత్రూం ముందు నిలబడి ఆ టికెట్‌లో పావువంతు పోగొట్టుకోవడం ఏం పొదుపో నాకు అర్థం కాదు.

ఇంకో చిక్కుంది. అద్దె ఇళ్ళలో ఎంతమంది ఉండొచ్చన్నదానికి అక్కడి ఊళ్ళకు సొంత నిబంధనలున్నాయి. పడగ్గదికి ఇద్దరు, ఆపైన ఇంకో ఇద్దరు అన్నది తరచు కనిపించే లెక్క. పసిపిల్లల్ని లెక్కలో కలిపేదీ లేనిదీ ఊరిని బట్టి మారుతుంది. "పిల్లలే కదా" అని చెప్పకుండా తీసుకెళ్ళకండి. యజమానిని ముందే అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. కార్లకూ అంతే. చలికాలంలో మంచు తవ్వే బండ్లు తిరగాలి కనక అక్కడ చాలా వీధుల్లో రోడ్డు మీద కారు ఆపనివ్వరు. ఇంటి ముందు రెండు కార్లకే చోటుంటే మిగతా రెండు కుటుంబాలు ఏం చేయాలి?

ఇంటికంటే ముందు తేల్చుకోవాల్సింది కొండ. టాహో అనగానే ఒక ఊరనుకుంటాం. ఆ సరస్సు 22 మైళ్ళ పొడవు, 12 మైళ్ళ వెడల్పు. చుట్టూ తిరిగితే 72 మైళ్ళు. దక్షిణపు ఒడ్డుకు 50వ నంబరు రోడ్డు, ఉత్తరపు వైపుకు 80వ నంబరు రోడ్డు వెళ్తాయి. సౌత్ లేక్ టాహోలో ఇల్లు చవగ్గా దొరికిందని తీసుకుని, స్కీ స్కూలు డబ్బు పాలిసేడ్స్‌లో కట్టినవాళ్ళను చూశాను. 1960 వింటర్ ఒలింపిక్స్ జరిగిన చోటు అది, పేరున్న కొండ. కానీ ఆ ఇంటికీ ఆ కొండకీ మధ్య ఎమరాల్డ్ బే మీదుగా పోయే 89వ నంబరు దారి ఉంది. మంచు ఉరవడిగా పడితే హిమపాతాల భయంతో ఆ దారి మూసేస్తారు. అప్పుడు నెవాడా వైపు నుంచి సరస్సును చుట్టుకుని పోవాలి. వెనక సీట్లో మంచుబట్టల్లో ఉడికిపోతున్న ఇద్దరు పిల్లలు.

అసలు మొదటిసారి జారే పిల్లలకు పాలిసేడ్స్, హెవెన్లీ లాంటి పెద్ద కొండలెందుకు? వాళ్ళు తిరిగేది బడి ముంగిలంత వాలు మీదే. 80వ నంబరు రోడ్డు పక్కనే ఉన్న బోరియల్, దాని దగ్గర్లోని సోడా స్ప్రింగ్స్, ట్రకీ ఊళ్ళోని టాహో డానర్ లాంటి చిన్న కొండలు వాళ్ళకు చాలు. సోడా స్ప్రింగ్స్‌లో చిన్నపిల్లల కోసం వేరే చోటే కేటాయించారు. స్కీలు ఇష్టపడని వాళ్ళు ట్యూబుల మీద కూర్చుని జారొచ్చు. చాలా రిసార్టుల్లో నాలుగేళ్ళు, అంతకులోపు వాళ్ళకు లిఫ్ట్ టికెట్ ఉచితం. స్కీ పాఠాలు మాత్రం మూడో నాలుగో ఏడు నిండాకే, అదీ డైపర్ మానేసిన పిల్లలకే. అంటే రెండేళ్ళవాడికి ఏ కొండయినా ఒకటే. వాడికి కావాల్సింది ఇంటి వెనకాల చదునుగా ఉన్న కాస్త మంచూ, ఒక ప్లాస్టిక్ స్లెడ్డూ. ఆ పెరడు ఉన్న ఇల్లు దొరికితే నేను సరస్సు కనిపించే ఇంటిని వదులుకుంటాను.

ఈ చిన్న కొండలు తేల్చుకుంటే ఇంటి వెతుకులాట కూడా చవకవుతుంది. ట్రకీ, కింగ్స్ బీచ్ చుట్టుపక్కల చూడొచ్చు. ఉత్తరపు ఒడ్డున టార్ట్ బస్సులు ఉచితంగా తిరుగుతాయి. ఇంకా తగ్గాలంటే రీనోలో ఉండొచ్చు. ట్రకీకి 30 మైళ్ళ పైచిలుకు దూరం. క్యాసినో హోటళ్ళు కనక వారం మధ్యలో గదులు బాగా చవక. కానీ సిగరెట్ వాసన, జూదం బల్లలు దాటుకుంటూ లిఫ్టుకు నడవడం, గదిలో పొయ్యి లేకపోవడం, ఇవన్నీ చంటిపిల్లల తల్లికి ఎలా ఉంటాయో ఆవిణ్ణే అడగండి. రెండే కుటుంబాలైతే నేను క్యాబిన్ జోలికి పోను. చిన్న పొయ్యి, ఫ్రిజ్ ఉండి, మధ్యలో తలుపున్న రెండు మోటెల్ గదులు తీసుకుంటాను. పిల్లల్ని ఒక గదిలో పడుకోబెట్టి పెద్దవాళ్ళు రెండో గదిలో కబుర్లు చెప్పుకోవచ్చు. క్యాబిన్ గిట్టుబాటయ్యేది మూడో కుటుంబం వచ్చి చేరాకే.

రోడ్డు గురించి ఒక్క ముక్క. బే ఏరియా నుంచి దాదాపు 200 మైళ్ళు. దారి ఖాళీగా ఉంటే నాలుగు గంటలు, మంచు తుఫానులో శుక్రవారం సాయంత్రం బయల్దేరితే దేవుడికెరుక. ఆర్-2 బోర్డు పెట్టారంటే టైర్లకు గొలుసులు కట్టాల్సిందే. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండికి మంచు టైర్లుంటే మినహాయింపు ఇస్తారు, అయినా గొలుసులు బండిలో ఉండాలి. మనవాళ్ళు ముచ్చటపడి కొనుక్కునే ఒడిస్సీ వ్యానుకు ముందు చక్రాలకే శక్తి. కాబట్టి ఇల్లు ప్రధాన రోడ్డుకు దగ్గరగా, చదునైన వీధిలో ఉండాలి. కొండవాలున చివరి ఇల్లు ఫొటోలో అందంగానే ఉంటుంది. ఆ వాలు మీద నిద్రపోతున్న పిల్లనీ, రైస్ కుక్కర్‌నీ మోసుకుంటూ ఎక్కాల్సింది మీరు. వాకిట్లో మంచు ఎవరు తవ్విస్తారు, ఇంటి తలుపుకు మెట్లెన్ని అని అడగడానికి మొహమాటపడకండి. ఆ ప్రాంతపు ఇళ్ళకు వీధి నుంచి ఇరవై ముప్ఫై మెట్లుండటం మామూలే. మెట్ల మీద మంచు గడ్డకడితే మీ నాన్నగారు ఇల్లు కదలరు.

వంటిల్లు సంగతికొద్దాం. పొదుపంతా అక్కడే జరుగుతుంది, పేచీలూ అక్కడే పుడతాయి. సరస్సు మట్టం సముద్రానికి 6,200 అడుగుల పైన. అంత ఎత్తున నీళ్ళు 94 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. అందుకని ప్రెషర్ కుక్కరో ఇన్‌స్టంట్ పాటో ఇంటినుంచి తీసుకెళ్ళాల్సిందే. అద్దె ఇళ్ళలో పొగ గొట్టం ఉత్త అలంకారం. ఎండుమిరపకాయల పోపు వేస్తే అలారం మోగి పసిపిల్లలందరూ ఒకేసారి లేస్తారు. పోపులు ఇంటిదగ్గరే వేసుకుని సీసాల్లో పట్టుకెళ్ళడం మా వాళ్ళు కనిపెట్టిన ఉపాయం. పులిహోర గుజ్జు, కందిపొడి, ఇడ్లీ పిండి, గడ్డపెరుగు ఉంటే రెండు రోజులు గడిచిపోతాయి. మిగిలింది కారులో మాత్రం పెట్టకండి. టాహో ఎలుగుబంట్లన్నీ చలికాలమంతా నిద్రపోవు. చెత్త రుచి మరిగినవి తిరుగుతూనే ఉంటాయి. కారు తలుపు తీయడం కూడా వాటికి వచ్చు. చెత్త పారేయడానికి ఇనప పెట్టె ఉందా, దాని గొళ్ళెం పని చేస్తోందా అని చేరిన రోజే చూసుకోవాలి.

పిల్లలున్న ఇంట్లో ఇంకొన్ని చూడాలి. కట్టెల పొయ్యికి అడ్డు ఉందా, లాఫ్ట్ నిచ్చెన దగ్గర గేటుందా, హాట్ టబ్ మూతకు తాళం పడుతుందా. కార్బన్ మోనాక్సైడ్ అలారం పని చేస్తోందో లేదో మీరే మీట నొక్కి చూడండి. మంచు ఎక్కువ పడితే హీటరు గొట్టం బయటి మూతి పూడిపోయి ఆ విషవాయువు లోపలికి తన్నే ప్రమాదం ఉంటుంది. పొద్దున్నే ఒక మగాయన వెళ్ళి ఆ మూతి దగ్గర మంచు తీసేసి రావడం స్కీయింగ్ కంటే ముఖ్యమైన పని.

ధర విషయంలో కొంత నయమైంది. 2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన వచ్చి, శుభ్రం చేసే రుసుము లాంటి తప్పనిసరి వడ్డింపులన్నీ కలిపిన మొత్తాన్ని మొదటే చూపించాలన్నారు. పన్నులు మాత్రం చివర్లో కలపొచ్చు. ఇక తేదీలు. జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారం, ఈ రెండూ తప్పించండి. బే ఏరియాలో చాలా స్కూళ్ళు ఆ ఫిబ్రవరి వారమంతా మూస్తాయి కనక ఊరంతా కొండమీదే ఉంటుంది. మీ పిల్లలింకా బడికే వెళ్ళకపోతే ఆ రెండు సెలవుల మధ్య వచ్చే మంగళ, బుధ, గురువారాలు మీవే. ఆ అదృష్టం కిండర్‌గార్టెన్ దాకానే.

చివరగా, వాటాలు. స్ప్లిట్‌వైజ్ యాప్‌లో తలలు లెక్కపెట్టి పంచేయడం న్యాయంలా కనిపిస్తుంది గానీ కాదు. లాఫ్ట్‌లో పిల్లల కాళ్ళ దగ్గర పడుకున్న కుటుంబమూ, సొంత బాత్రూమున్న పెద్దగదిలో పడుకున్న కుటుంబమూ ఒకే డబ్బు ఎందుకు కట్టాలి? గదికి ఇంతని ధర కట్టండి, పెద్దగదికి ఎక్కువ. చంటిపిల్ల ఉన్నవాళ్ళకు ఆ పెద్దగది ఇచ్చి, అదనపు డబ్బు అందరూ సర్దుకోండి. మూడు పూటలూ వంటింట్లో ఉన్న అమ్మమ్మగారి పేరు ఆ లెక్కలో కనపడకూడదు. ఆవిడ వాటా ఆవిడ పప్పు తిన్నవాళ్ళందరిదీ. ఆఖరి రోజు పొద్దున పొయ్యి వెలిగించనివ్వకండి. పది, పదకొండింటికల్లా ఇల్లు ఖాళీ చేయాలి, గిన్నెలు కడగాలి, చెత్త ఇనప పెట్టెలో వేయాలి. ఆ పనులు కొండెక్కి వచ్చినవాళ్ళు చేయాలి. 80వ నంబరు రోడ్డు దిగాక కాస్త పక్కకు తిరిగితే ఫోల్సమ్ తగులుతుంది. మనవాళ్ళు చాలామందే ఉన్న ఊరు, ఇడ్లీకి కరువు లేదు. అక్కడ ఆవిడ కూర్చుంటుంది, మిగతావాళ్ళు వడ్డిస్తారు. బిల్లు స్ప్లిట్‌వైజ్‌లో వేసుకోండి, ఆవిడ తలను మినహాయించి.